కోడియాక్ ఎలుగు వేటకి వెళ్ళాలనుకునేవాళ్ళకి: డబ్బు కట్టే ముందు, కట్టాక

మా ఉద్దానంలో ఎలుగుబంటిని చూడ్డానికి ఎవడూ డబ్బు కట్టడు. పనస పండిందంటే వాసనకి అదే తోటలోకొస్తుంది. మందస దగ్గర మా ఊళ్ళో చీకటి పడ్డాక జీడితోటలోకి వెళ్ళాలంటే ముగ్గురు నలుగురు కలిసి, రేకుడబ్బా వాయించుకుంటూ వెళ్ళేవాళ్ళం. అలాంటి ఊళ్ళో పుట్టినవాణ్ణి, నలభై ఏడో ఏట అమెరికాలోని టకోమా నుంచి అలాస్కా పోయి, కారు కొనుక్కోగలిగిన డబ్బు కట్టి, పదిరోజులు వానలో కూర్చుని ఎలుగు కోసం ఎదురుచూశాను. వచ్చిన దగ్గర్నుంచి వేట సరదా ఉన్న మనవాళ్ళు ఫోన్లు చేస్తున్నారు. అందరూ మొదట అడిగేది ఒకటే: ఏ తుపాకీ పట్టుకెళ్ళావని. అది ఆఖర్న అడగాల్సిన ప్రశ్న. అందుకే నేను వెళ్ళిన వరసలోనే చెప్తాను.

ముందు చట్టం. అలాస్కాలో ఉండనివాళ్ళు ఎవరైనా సరే, అమెరికా పౌరులైనా సరే, బ్రౌన్ బేర్ని (కోడియాక్ ఎలుగు కూడా ఈ జాతే) వేటాడాలంటే లైసెన్సున్న గైడు పక్కన ఉండాలి. గురి పెట్టే సమయంలో వంద గజాల లోపల ఉండాలి, టెంటులో పడుకుని కాదు. అమెరికాలో ఉండేవాళ్ళు గైడు లేకుండా వెళ్ళడానికి ఒకే దారి: పంతొమ్మిదేళ్ళు నిండిన, అలాస్కాలోనే స్థిరపడ్డ దగ్గర బంధువు మీ వెంట రావాలి. ఇక్కడే మనవాళ్ళకి చిక్కు. సొంత అన్న, చెల్లెలు, తాత, మనవడు, మామగారు, అల్లుడు, బావమరిది, వీళ్ళంతా లెక్కలోకి వస్తారు. మేనమామ రాడు. పెదనాన్న కొడుకు మనకి అన్నయ్యే కానీ అలాస్కా చట్టానికి ఎవరూ కాదు. యాంకరేజ్‌లో మా పెదనాన్న మనవడొకడు ఉన్నాడు. వాణ్ణి నమ్ముకుని నేను ఒక వేసవంతా కలలు కన్నాను. నియమాల పుస్తకం చదివాక గైడుని వెతుక్కోవడం మొదలుపెట్టాను.

హెచ్1బి మీద ఉన్నవాళ్ళకి ఒక మాట. తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ ముట్టుకోకూడదన్నది ఫెడరల్ చట్టం. చెల్లే వేట లైసెన్సు చేతిలో ఉంటే దానికి మినహాయింపు ఉంది. ఆ మినహాయింపు మీకు వర్తిస్తుందో లేదో ఇమ్మిగ్రేషన్ లాయరుని అడిగి తెలుసుకోండి, స్నేహితుణ్ణి కాదు. గ్రీన్ కార్డు క్యూలో పదేళ్ళు నిలబడి, ఒక సరదా కోసం ఫైలు పాడుచేసుకోవద్దు. నేను పౌరసత్వం వచ్చేదాకా ఆగాను.

అలాస్కాలో ఎక్కడికి? పెద్ద ఎలుగులకి రెండు చోట్లు ప్రసిద్ధి. ఒకటి అలాస్కా ద్వీపకల్పం, రెండోది కోడియాక్ దీవి. ద్వీపకల్పంలో రెండు సీజన్లూ ఏటా ఉండవు, బేసి సంవత్సరాల్లో శరదృతువులో, సరి సంవత్సరాల్లో వసంతంలో తెరుస్తారు. కోడియాక్‌లో ఏటా రెండు సీజన్లు: ఏప్రిల్ 1 నుంచి మే 15, అక్టోబరు 25 నుంచి నవంబరు 30. నేను కోడియాక్ ఎంచుకున్నాను. ఆ దీవిలో దాదాపు 3,500 ఎలుగులున్నాయి. మంచుయుగం ముగిసినప్పటి నుంచి, అంటే సుమారు 12,000 ఏళ్ళుగా, బయటి ఎలుగులతో కలవకుండా అక్కడే ఉండిపోయిన సంతతి. పెద్ద మగది 1,500 పౌండ్ల దాకా తూగుతుంది. మన చెదపుట్టల ఎలుగులు నాలుగైదు కలిస్తే ఒక్కటవుతుంది. దీవిలో మూడింట రెండు వంతులు 1941లో ఏర్పాటైన వన్యప్రాణి శరణాలయం (రెఫ్యూజ్). రోడ్లు కోడియాక్ ఊరి చుట్టుపక్కలే. మిగతాదంతా నీళ్ళ మీద వాలే చిన్న విమానంలోనో పడవలోనో.

కోడియాక్‌లో ఎక్కువచోట్లకి పర్మిట్ డ్రాలో రావాలి. దరఖాస్తు గడువు నవంబరు 1 నుంచి డిసెంబరు 15 దాకా. బయటివాళ్ళు గైడుతో ఒప్పందం చేసుకున్నాకే దరఖాస్తు పెట్టాలి. మంచి గైడుల దగ్గర రెండు మూడేళ్ళ ముందే తేదీలు నిండిపోతాయి. కాబట్టి ఇవాళ అనుకుని వచ్చే వసంతంలో వెళ్ళడం కుదరని పని.

గైడుని వెతకడంలో నేను తిన్న దెబ్బ చెప్తాను. మొదట ఒక ఏజెంటు తగిలాడు. ఫోటోలు బావున్నాయి, మాట తియ్యగా ఉంది, ధర మిగతావాళ్ళకంటే ఆరువేల డాలర్లు తక్కువ. అడ్వాన్సు పంపించేశాను. రెఫ్యూజ్‌లో ఏ గైడు ఏ ముక్కలో పనిచెయ్యాలో ఫెడరల్ శాఖ పర్మిట్ ఇస్తుందన్న సంగతి నాకు తర్వాత తెలిసింది. ఆ ఏజెంటు చెప్పిన గైడుకి కోడియాక్‌లో ఏ ముక్కా లేదు. సగం డబ్బు తిరిగొచ్చింది, ఎనిమిది నెలల ఈమెయిళ్ళ తర్వాత. కాబట్టి గైడు పేరు చెప్పగానే రెండు పనులు చెయ్యండి. గైడుల లైసెన్సులిచ్చే రాష్ట్ర బోర్డు దగ్గర ఆయన లైసెన్సు చూడండి. తర్వాత "మీ పర్మిట్ ఏ ఏరియాకి, ఏ ఏడాది దాకా?" అని సూటిగా అడగండి. నిజమైన గైడుకి ఈ ప్రశ్నకి కోపం రాదు. ఆ తర్వాత పాత క్లయింట్ల నంబర్లు అడగండి. ఎలుగు దొరికినవాళ్ళవి కాదు, దొరకనివాళ్ళవి. ఉత్తచేతులతో వచ్చినవాడు కూడా గైడుని మెచ్చుకుంటే కళ్ళుమూసుకుని కట్టేయొచ్చు.

ఖర్చు. కోడియాక్‌లో గైడు ఫీజు పాతికవేల డాలర్ల పైమాటే. సగం ముందు కట్టాలి, తిరిగిరాదు. అమెరికాలో మిగతా రాష్ట్రాలవాళ్ళకి లైసెన్సు 160 డాలర్లు, ఎలుగు ట్యాగు (ఒక ఎలుగుకి అనుమతి బిళ్ళ) 1,000. ఇండియా నుంచి నేరుగా వచ్చే బంధువులకైతే లైసెన్సు 630, ట్యాగు 1,300. చిన్న విమానం, హోటలు, చర్మం రవాణా, టిప్పు, ఇవి ఫీజులో ఉన్నాయో లేవో కాగితం మీద రాయించుకోండి. టిప్పు పదిశాతం అనుకుని పక్కన పెట్టుకోండి. అందులో వంటామెనీ బరువులు మోసే కుర్రాణ్ణీ మర్చిపోవద్దు. ఒప్పందంలో ఇంకో వాక్యం తప్పకుండా ఉంటుంది: గాయపడి తప్పించుకున్న ఎలుగు మీ ఎలుగే. కోడియాక్‌లో చట్టమూ అదే చెప్తుంది. చుక్క రక్తం పడిందంటే ఆ సీజనుకి మీ వేట అయిపోయినట్టే.

ఈ డబ్బుతో మీరు ఎలుగుని కొనుక్కోవడం లేదు. పదిరోజుల కాలాన్నీ, ఒక మనిషి కంటినీ కొనుక్కుంటున్నారు. ఇది ఒంటబట్టకపోతే మూడోరోజుకే గైడుతో గొడవ. నా ముందు వారం వచ్చిన ఒకాయన చర్మం గోడకి ఎక్కడ తగిలించాలో మేస్త్రీతో కొలతలు తీయించుకుని మరీ వచ్చాడట. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. ఆయన ఉత్తచేతులతో వెళ్ళాడు.

ఇక తయారీ. ఆరునెలలు చాలు, కానీ ఆరునెలలూ చెయ్యాలి. వీపున ఇరవై కిలోల సంచితో వారానికి మూడుసార్లు కొండెక్కండి. కోడియాక్‌లో నేల చదునుగా ఉండదు. గడ్డిదిబ్బలు, బురద, మోకాలిలోతు వాగులు, ఆల్డర్ పొదలు. ఆ పొదల కొమ్మలు పైకి కాకుండా పక్కకీ కిందకీ పెరుగుతాయి. మా జీడిచెట్ల కొమ్మల కింద దూరే అలవాటు నాకు అక్కడ పనికొచ్చింది. షూటింగ్ రేంజిలో బల్ల మీద ఆనించి కొట్టడం మానెయ్యండి. నేలమీద కూర్చుని, రెండు కర్రల ఊతం మీద, రొప్పుతున్నప్పుడు కొట్టడం నేర్చుకోండి. నేను ముందు యాభై గజాలు పరిగెత్తి, వెంటనే కూర్చుని కొట్టేవాణ్ణి. రేంజిలో అందరూ నవ్వేవాళ్ళు.

సరే, తుపాకీ. 30-06 సైజు తూటాల తుపాకీలో బరువైన గుండు కనీసం. చాలామంది అంతకంటే పెద్ద 338 గానీ 375 గానీ తెమ్మంటారు. నా గైడు మాట: "నీకు భయం వెయ్యని తుపాకీల్లో పెద్దది తెచ్చుకో." 375 నా భుజాన్ని తన్నినప్పుడల్లా నాకు కళ్ళు మూసుకుపోయేవి. 338 తీసుకెళ్ళాను. విమానంలో తాళమేసిన గట్టి పెట్టెలో, ఖాళీగా, కౌంటరులో చెప్పి ఇవ్వాలి. తూటాలు వాటి పెట్టెలోనే, మీ ఎయిర్‌లైన్సు ఒప్పుకునే బరువు మించకుండా. బేర్ స్ప్రే మాత్రం ఏ సంచిలోనూ ఒప్పుకోరు, కోడియాక్‌లో దిగాక కొనుక్కోండి.

బట్టల విషయంలో నేను చేసిన తప్పు మీరు చెయ్యొద్దు. ఖరీదైన, గాలాడే వానకోటు పట్టుకెళ్ళాను. రెండోరోజు మధ్యాహ్నానికి లోపలి బనియను దాకా తడిసింది. అక్కడి చేపలవాళ్ళు తొడుక్కునే రబ్బరుకోటూ ప్యాంటూ ఉంటాయి, చెమట పడుతుంది కానీ వాన దిగదు. గైడు దగ్గరున్న అదనపు జత నన్ను కాపాడింది. తొడల దాకా వచ్చే బూట్లు, ఉన్ని మేజోళ్ళు ఆరు జతలు, సింథటిక్ దుప్పటిసంచి. ఈకలు కూరింది తడిస్తే ముద్దయిపోతుంది. సామానంతా మెత్తటి సంచుల్లో సర్దండి, చిన్న విమానంలో చక్రాల సూట్‌కేసు దూరదు.

నేను వెళ్ళింది 2023 ఏప్రిల్ నెలాఖరుకి. కోడియాక్ ఊరి నుంచి నీళ్ళ మీద వాలే బీవర్ అనే చిన్న విమానంలో మంచు కరుగుతున్న కొండల మీదుగా ఒక సముద్రపుపాయలో దిగాం. దిగిన రోజు వేట లేదు. విమానమెక్కిన రోజు కొట్టకూడదు, మర్నాడు తెల్లవారుజాము మూడు దాటాలి. పై నుంచి చూసి, కింద దిగి కొట్టే అన్యాయం జరక్కుండా ఆ నియమం.

క్యాంపు అంటే రెండు టెంట్లు, చుట్టూ కరెంటు తీగ. నా సంచిలో గోంగూర పచ్చడి సీసా చూసి గైడు మూత తీసి వాసన పీల్చి, ఒక్క మాట మాట్లాడకుండా ఎలుగులకి తెరవడం రాని డబ్బాలో పెట్టి తాళం వేశాడు. తినాలంటే పడుకునే టెంటుకి దూరంగా వంట టెంటులోనే తినాలి. సబ్బు, టూత్‌పేస్టు, జేబులో వేరుశనగ చిక్కీ ముక్క, అన్నీ ఆ డబ్బాలోకే. నాలుగోరోజు నుంచి ఆయనే "ఆ ఆకు పచ్చడి" అని అడిగి వేయించుకున్నాడు.

వేట అంటే కూర్చోవడం. పొద్దున్నే ఒక మిట్ట ఎక్కి, గాలి ముఖానికి తగిలేట్టు కూర్చుని, బైనాక్యులర్స్‌తో ఎదుటి కొండని గజంగజం చూడ్డం. రాత్రి తొమ్మిదిన్నర దాటేదాకా వెలుతురుంటుంది. అంటే రోజుకి పధ్నాలుగు పదిహేను గంటలు. కదలకూడదు, లేచి తిరగకూడదు, వాసన కొండంతా పాకుతుంది. ఏప్రిల్‌లో గుహల్లోంచి ముందు బయటికొచ్చేవి పెద్ద మగవి. ఆ ఏడు పిల్లలు పెట్టిన తల్లులు ఆఖర్న వస్తాయి. అందుకే వసంతం మొదట్లో వేట ఎక్కువగా మగవాటి మీద పడుతుంది. చర్మం కూడా అప్పుడు ఒత్తుగా ఉంటుంది, రోజులు గడిచేకొద్దీ రాళ్ళకీ పొదలకీ రుద్దుకుని అక్కడక్కడా ఊడుతుంది.

పిల్లలున్న తల్లిని కొట్టడం నేరం, పిల్లల్ని కొట్టడమూ నేరం. పిల్లలు మూడేళ్ళ దాకా తల్లి వెంటే ఉంటాయి. కాబట్టి ఒంటరిగా కనపడింది కదా అని గభాలున లేవకూడదు. పిల్లలు వెనక పొదలో ఉండొచ్చు. గైడు కనీసం అరగంట చూస్తాడు. మీరూ చూడ్డం నేర్చుకోండి. నాకు ఆయన నేర్పిన గుర్తులివి. చెవులు పెద్దవిగా, నడినెత్తిన దగ్గరదగ్గరగా కనపడితే చిన్నది. చెవులు చిన్నవై, తలకి చెరోపక్కన విసిరేసినట్టు దూరంగా ఉంటే పెద్దది. మగదాని తల బిందె బోర్లించినట్టుంటుంది, మెడకీ తలకీ తేడా తెలీదు. నడక చూడాలి: పెద్ద మగది తొందరపడదు, ముందుకాళ్ళు లోపలికి తిప్పి, బరువు మోసేవాడిలా అటూ ఇటూ ఊగుతూ నడుస్తుంది. కడుపు నేలకి దగ్గరగా ఉంటుంది. పక్కన కొలత లేని బోడికొండ మీద చిన్నది కూడా కొండంత కనపడుతుంది. మొదటి నాలుగు రోజుల్లో నేను "పెద్దది, పెద్దది" అని చూపించినవి ఏడు. ఆయన ఏడింటికీ తల అడ్డంగా ఊపాడు. అందులో ఒకటి కాసేపటికి వెనక్కి తిరిగి ఎవరినో పిలిచినట్టు నిలబడింది. పొదలోంచి రెండు పిల్లలు దిగాయి. నా కడుపులో ఏదో జారింది.

ఐదోరోజు, ఆరోరోజు పొగమంచు. టెంటులోంచి బయటికి రాలేదు. ఈ రెండు రోజుల కోసం ఒక పుస్తకం పెట్టుకోండి, లేకపోతే పైకప్పు మీద చినుకులు లెక్కపెట్టుకోవాలి.

ఎనిమిదోరోజు సాయంత్రం ఏడున్నరకి గైడు బైనాక్యులర్స్ దించకుండానే నా మోకాలు తట్టాడు. ఒక మైలు దూరంలో, ఆల్డర్ పొదల అంచున. గంటంబావు వాగులోంచి, గాలికి ఎదురుగా పాకాం. 130 గజాలు. రెండొందల గజాలు దాటితే నేనైతే వద్దంటాను. ముందురోజు రాత్రి ఆయన నాతో మూడుసార్లు చెప్పించాడు: గురి భుజం మీద, మొదటి దెబ్బకి పడిపోయినా మళ్ళీ కొట్టు, నేను ఆపమనేదాకా కొట్టు. అది పొదల్లోకి దూరితే వెతకాల్సింది ఆయన, చీకట్లో, చేతికందే దూరంలో. మీరు రెండో దెబ్బకి తటపటాయిస్తే ప్రమాదం మీకు కాదు, ఆయనకి. మీ దెబ్బ తగిలాక అది పొదలవైపు పరిగెడితే ఆయన కూడా కాల్చాలా వద్దా అన్నది ముందే మాట్లాడుకోండి. నేను కాల్చమన్నాను. అవసరం రాలేదు. మూడు తూటాలు, పది సెకన్లు.

తర్వాత ఎవరూ చెప్పని భాగం. దగ్గరికి వెళ్ళడానికి ముందు ఇరవై నిమిషాలు కూర్చున్నాం. తుపాకీ ఎక్కుపెట్టి, వెనకవైపు నుంచి వెళ్ళాలి. చర్మం వలవడానికి మూడుగంటల పైన పట్టింది. గోళ్ళు, చెవులు, పెదవులు చెడిపోకుండా తియ్యడం వేరే విద్య, మీరు కాలు పట్టుకుని నిలబడ్డమే సాయం. మగదని తెలిసే గుర్తు చర్మానికి అంటిపెట్టుకునే ఉండాలి, కోసెయ్యకూడదు. తడిచర్మం, పుర్రె కలిపి యాభై కిలోల పైమాటే. బరువులు మోసే కుర్రాడు దాన్ని వీపున కట్టుకుని వాగు దాటుతుంటే నేను ఉత్త తుపాకీతో వెనక నడిచాను, కాస్త సిగ్గుగానే. మాంసం తేవాలన్న నిబంధన అక్కడ లేదు. చేపలు తిన్న ఎలుగు మాంసం వాసన, పైగా అందులో పురుగుల భయం. చాలామంది వదిలేస్తారు, మేమూ వదిలేశాం. నాకు అది నచ్చలేదు. మీకూ నచ్చకపోతే జింకవేటకి వెళ్ళండి, ఆ దీవిలో జింకలు పుష్కలం.

వాతావరణం వల్ల విమానం రెండురోజులు ఆలస్యంగా వచ్చింది. తిరుగుటిక్కెట్టు మార్చుకోగలిగేదే కొనండి. కోడియాక్ ఊళ్ళోకి వచ్చి శుభ్రంగా స్నానం చేసి ఇంటికి ఫోన్ చేశాను. మా అమ్మ అప్పుడు సోంపేటలో అక్కయ్యింట్లో ఉంది. ఫోటో చూసింది. ఎలుగు భయంతో నలభై ఏళ్ళు చీకటి పడకముందే తోట వదిలి పరిగెత్తుకొచ్చిన మనిషి. "అది నిన్నేటి సేసిందిరా బాబూ?" అంది. గైడు నేర్పిన గుర్తుల్లో దీనికి జవాబు లేదు. పౌర్ణమికి గుడికి వెళ్తానని చెప్పి ఫోన్ పెట్టేశాను.

ఇలాంటి ప్రశ్న మీ ఇంట్లోనూ ఎదురవుతుందనిపిస్తే, తుపాకీ లేకుండా చూసే దారులున్నాయి. జులైలో కట్మై పార్కులో బ్రూక్స్ జలపాతం దగ్గర సాల్మన్ పట్టే ఎలుగుల్ని చెక్కవేదిక మీద నిలబడి చూడొచ్చు. మెక్‌నీల్ నదికైతే లాటరీ, రోజుకి పదిమందికి మించి వదలరు.

కొట్టినవాళ్ళకి ఇంకో పనుంది. చర్మం, పుర్రె రెండూ ముప్ఫైరోజుల లోపల అలాస్కా వేట-చేపల శాఖ ఆఫీసులో చూపించి సీలు వేయించాలి. కోడియాక్ ఊళ్ళోనే ఆ పని ముగించుకుని కదలండి. పుర్రె గడ్డకట్టి ఉండకూడదు, ఎందుకంటే అక్కడి జీవశాస్త్రవేత్త కొలతలు తీసుకుని ఒక చిన్న పన్ను పీకుతారు. పొడవూ వెడల్పూ కలిపితే నాది 27 అంగుళాల మీద కొంచెం. బూన్ అండ్ క్రాకెట్ అనే వేట క్లబ్బువాళ్ళ ఆల్‌టైమ్ రికార్డు పుస్తకంలోకి ఎక్కాలంటే 28 కావాలి. 1952లో కోడియాక్‌లోనే దొరికిన పెద్దది 30 అంగుళాలు దాటింది. చర్మాన్ని ఇండియాకి తీసుకెళ్ళే ఆలోచన పెట్టుకోవద్దు. మన హిమాలయాల బ్రౌన్ బేర్ కూడా ఇదే జాతి, 1972 వన్యప్రాణి రక్షణ చట్టంలో మొదటి షెడ్యూలులో ఉంది. ఏ దేశానికి పంపాలన్నా సైటీస్ (వన్యప్రాణుల వ్యాపారం మీద అంతర్జాతీయ ఒప్పందం) పర్మిట్ గొడవ ఉంటుంది.

ఆ పన్నుని ప్రయోగశాలకి పంపి, అడ్డంగా కోసి, చెట్టు వలయాల్లాగా గీతలు లెక్కపెట్టి వయసు చెప్తారు. వెంటనే రాదు. సీలు వేసినప్పుడు ఇచ్చిన కాగితం పారెయ్యకండి, దానిమీద నంబరు లేకపోతే వయసు వెతుక్కోలేరు. నాది వచ్చేసరికి ఏడాది దాటింది. 19 ఏళ్ళు. మా పెద్దమ్మాయి కంటే ఒక ఏడాది పెద్దది. అమ్మకి ఇంకా చెప్పలేదు.